సహజంగా లేదు అంటే సరిపోతుందా?

ఈమధ్య ఒక నాటక పరిషత్తు పోటీల్లో పద్యనాటకం చూసి బయటికొస్తుంటే, నాతో వచ్చిన కుర్రాడు ఒక్క మాటలో తేల్చేశాడు. "గొంతులు బావున్నాయండీ. కానీ నటన ఏది? అంతా ఓవర్ యాక్షనే కదా!" అతను ఊరికే నోరు పారేసుకునే రకం కాదు. సాంఘిక నాటికల్లో వేస్తాడు, బాగా వేస్తాడు, నాటకమంటే ప్రాణం. కాసేపటికి బహుమతుల సభలో ఒక న్యాయనిర్ణేత ఇంకో నాటికను మెచ్చుకుంటూ "వీళ్లు నటించలేదు, జీవించారు" అన్నారు. హాలంతా చప్పట్లు.

ఒకటి తిట్టు, ఒకటి పొగడ్త. రెండింటి వెనకా ఉన్న నమ్మకం మాత్రం ఒక్కటే. రంగస్థలం మీద మనిషి ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడితే అది నటన, లేదంటే అది నటన కిందికే రాదు.

ఈ నమ్మకంతో నాకు పేచీ ఉంది. సహజ నటన నాకూ ఇష్టమే. కానీ అది నటనలో ఒక పద్ధతి. పద్యనాటకానిది ఇంకో పద్ధతి. ఒకదాని కొలబద్దతో రెండోదాన్ని కొలిస్తే ఆ రెండోది ఎప్పుడూ తక్కువగానే తేలుతుంది. అలాగని "ఎవరి పద్ధతి వాళ్లది" అని చేతులు దులుపుకోవడమూ నాకు నచ్చదు. ఎందుకంటే ఆ రాత్రి మేం చూసిన పద్యనాటకం నిజంగానే బాగాలేదు. కుర్రాడికి కలిగిన చిరాకు న్యాయమైందే, చెప్పిన కారణమే సరైంది కాదు. వాళ్లు పాడినందువల్ల అది చెడలేదు. వేదిక మీద ఒకరి మాట ఒకరు వినకపోవడం వల్ల చెడింది.

నాటికలో సహజం ఎంత?

మన సాంఘిక నాటికను, ఇంతకుముందెప్పుడూ నాటకం చూడనివాళ్లలా ఒకసారి చూడండి. మధ్యతరగతి ఇల్లు, వేదిక నడుమ సోఫా. దానికి ఎదురుగా కుర్చీ ఉండదు, వేస్తే అందులో కూర్చున్నవాడి వీపు మనవైపు తిరుగుతుంది కాబట్టి. తండ్రి కొడుకుని నిలదీస్తాడు, మొహం మాత్రం హాలు వైపు పెట్టి. కొడుకు ఒక అడుగు వెనక నిలబడి, అతనూ మనవైపే చూస్తూ కుమిలిపోతాడు. ఫోను మోగుతుంది. "ఏంటీ? యాక్సిడెంటా? ఏ హాస్పిటల్లో?" అంటూ అవతలివాళ్లు చెప్పిన ప్రతి ముక్కనీ మనకోసం మళ్లీ వల్లిస్తారు. చెవిలో చెప్పిన రహస్యం ఆఖరి వరసకి వినపడుతుంది. డైలాగు పేలితే, చప్పట్లు ఆగేదాకా అందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడతారు. ఆగాక కథ కదులుతుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడటం దాదాపు ఉండదు. నిజం ఇళ్లలో పొద్దస్తమానం జరిగేది అదే.

ఇవి తప్పులని అనడం లేదు. ఇవి లేకపోతే నాటిక నడవదు. ఇవన్నీ ప్రేక్షకుడికీ నటుడికీ మధ్య కుదిరిన ఒప్పందాలు. అలవాటు పడ్డ ఒప్పందం కంటికి ఆనదు, అలవాటు తప్పింది కొట్టొచ్చినట్టు కనపడుతుంది. నా తరానికి ముందువాళ్లకి, కృష్ణుడు రాగం తియ్యడం ఈ ఫోను సీనంత మామూలు విషయం.

నాట్యశాస్త్రం చెప్పిన భరతుడు ఈ రెండు పద్ధతులకీ పేర్లు పెట్టాడు: లోకంలో ఉన్నట్టు చేస్తే లోకధర్మి, వేదిక ఒప్పందాలతో చేస్తే నాట్యధర్మి. నాట్యధర్మికి ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి నాకు మహా ఇష్టం. పక్కనే నిలబడి అన్న మాట వినపడనట్టు ఉండటం, అనని మాట వినపడినట్టు ఉండటం నాట్యధర్మి అంటాడు. మన నాటికలో తండ్రి "వీడికి నిజం ఎలా చెప్పనురా దేవుడా" అని పైకే అనుకుంటే పక్కనున్న కొడుక్కి వినపడదు. సహజ నటన అని మార్కులు వేసిన చోట కూడా నాట్యధర్మి హాయిగా కాపురం చేస్తోంది.

అసలు నాటకానికి ముఖ్యమైనవేవి అని పెద్దలు లెక్క చెప్పినప్పుడు ఈ సహజత్వం ఎక్కడా రాలేదు. దశరూపకం అనే పాత సంస్కృత లక్షణ గ్రంథం వస్తువు (కథ), నేత (నాయకుడు), రసం అంది. అరిస్టాటిల్ ఆరు చెప్పి కథా సంవిధానానికి పెద్దపీట వేశాడు, పాటనీ అందులో చేర్చాడు, కంటికి కనపడే హంగుని ఆఖరికి తోశాడు. ఇవన్నీ పక్కన పెట్టి, ఒక నటుడు పొద్దున్నే రిహార్సల్‌కి వచ్చి పని మొదలుపెట్టడానికి ఏం కావాలో ఆలోచిస్తే నాకు ఒక్కటే తోస్తుంది. ఒక మనిషికి ఇంకో మనిషి నుంచి ఏదో కావాలి, అవతలిమనిషి అది ఇవ్వడు. అది ఉంటే నాటకం ఉన్నట్టే. దాన్ని పద్యంలో అడుగుతాడా, గొణుగుతాడా, ఆడుతూ అడుగుతాడా అన్నది తర్వాతి సంగతి.

మేనమామ పద్యం, మేనల్లుడి పేచీ

"సహజ నటన కావాలని బళ్లారి రాఘవ లాంటి మహానటుడే పోరాడాడు కదా, నువ్వేంటి?" అని అడగొచ్చు. ఇది గట్టి ప్రశ్నే.

1886లో చిత్రనళీయంతో మొదలుపెట్టి, పాడే పద్యానికి తెలుగు రంగస్థలం మీద పీట వేసినవాళ్లలో ముఖ్యుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. రాఘవ ఆయనకి స్వయానా మేనల్లుడు. మామ తెచ్చిన పద్యం కొన్నేళ్లకే నాటకాన్ని మింగేసే స్థితికి వచ్చింది. నటుడు రాగం అందుకుంటే కథ ఎక్కడిదక్కడ ఆగిపోయేది. దాన్ని చూసే రాఘవ గట్టిగా గొంతెత్తాడు. పద్యం తగ్గించాడు, వచనానికి బలమిచ్చాడు, మాటకీ మాటకీ మధ్య మొహంలో జరిగేదాన్ని ముందుకు తెచ్చాడు. ఆ రోజుల్లో ఆ మాట ఎవరో ఒకరు అనాల్సిందే. అన్నందుకు మనం ఆయనకి రుణపడి ఉన్నాం.

అయితే రాఘవ ఎక్కువగా వేసింది పౌరాణిక, చారిత్రక పాత్రలు. హిరణ్యకశిపుణ్ణో దుర్యోధనుణ్ణో వేసేవాడికి "ఇంట్లో ఉన్నట్టు ఉండటం" అనే సలహా ఎందుకూ పనికిరాదు. ఆయన అడిగిన సహజత్వం పాత్ర మనసుకి సంబంధించింది. మనం దాన్ని గొంతు స్థాయికి కుదించేశాం. గట్టిగా అంటే కృత్రిమం, మెల్లగా అంటే సహజం అని తేల్చుకున్నాం. ఈ కుదింపు సినిమా నుంచి, ఆ తర్వాత టీవీ నుంచి వచ్చిందని నా అనుమానం. కెమెరా జానెడు దూరంలో ఉన్నప్పుడు కనురెప్ప చాలు. ముప్పయ్యో వరసలో కూర్చున్నవాడికి ఆ కనురెప్పతో పనిలేదు.

సహజ నటనకి మూలపురుషుడిగా అందరూ చెప్పే రష్యా దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ సంగతే చూడండి. 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్ పెట్టినవాళ్లలో ఒకడు. అదే మనిషి 1918 నుంచి ఒపేరా గాయకులకి నటన నేర్పడంలో ఏళ్ల తరబడి మునిగిపోయాడు. ఒపేరా అంటే దాదాపు మొదటినుంచి చివరిదాకా పాటే. పాడుతున్నందుకు వాళ్లని తప్పు పట్టి ఉంటే ఆ స్టూడియోలో ఆయనకి ఒక్కరోజు కూడా పని ఉండేది కాదు. ఆ పాట ఎందుకు పాడుతున్నారో, ఎవరికోసం పాడుతున్నారో తెలిసి పాడమన్నాడు. మన పద్యనాటకానికి కావాల్సిన పాఠం సరిగ్గా ఇదే.

పడక సీనులో ఏం జరుగుతుంది?

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లోని పడక సీను తెలియని తెలుగువాడు తక్కువ. "బావా! ఎప్పుడు వచ్చితీవు" పద్యం రానివాళ్లకి కూడా మొదటి పాదం వస్తుంది. దాన్ని నేను ఎంతోమంది నోట విన్నాను. ఎక్కువమంది "బావా" దగ్గరే రాగం అందుకుంటారు. ఆ రాగం ఎంత దూరం వెళ్తే అన్ని చప్పట్లు. తిరిగొచ్చేసరికి "ఎప్పుడు వచ్చితీవు" అనేది ఊపిరి మిగిలిన మేరకు అనేసి దాటిపోతారు.

ఆ సీను మొత్తం ఆ "ఎప్పుడు" మీదే నిలబడి ఉంది. యుద్ధంలో కృష్ణుడి సాయం అడగడానికి ఇద్దరూ వచ్చారు, ఆయన పడుకుని ఉన్నాడు. ముందు వచ్చినవాడికి ముందు కోరుకునే హక్కు. దుర్యోధనుడు ముందే వచ్చాడు, తలవైపు కూర్చున్నాడు. అర్జునుడు తర్వాత వచ్చాడు, కాళ్లవైపు కూర్చున్నాడు. కృష్ణుడు లేచి అర్జునుణ్ణి పలకరించి, అప్పుడే చూసినట్టు ఇటు తిరిగి "బావా! ఎప్పుడు వచ్చితీవు" అంటాడు. పైకి అది కుశలప్రశ్న. లోపల అది తీర్పు. నిన్ను నేను ఇప్పుడే చూశాను, నువ్వు ముందొచ్చిన సంగతి నాకు తెలియదు అని సాక్షి ఎదుట చెప్పేశాడు. దుర్యోధనుడి హక్కులో సగం ఆ ఒక్క మాటతో పోయింది. అక్కణ్ణించి పద్యం తమ్ముళ్లనీ కొడుకుల్నీ చుట్టాల్నీ పేరుపేరునా అడుగుతూ పోతుంది. "నీ వాల్లభ్యము బట్టు కర్ణుడును" అంటాడు. నీ ప్రాపకంలో బతికే కర్ణుడు బావున్నాడా అని. అందులో ఎంత సూది ఉందో!

ఇప్పుడు ఇదంతా అందేది ఎవరికి? దుర్యోధనుడికి. అతను విననిదే మనకీ అందదు. ఆ రాత్రి మేం చూసిన దుర్యోధనుడు, కృష్ణుడు పద్యం ఎత్తుకోగానే ఒక పక్కకి ఒదిగి నిలబడ్డాడు. భుజకీర్తి సర్దుకున్నాడు. హార్మోనియం వైపు చూసి, తర్వాత తను అందుకోబోయే శ్రుతి లోలోపల సరిచూసుకున్నాడు, పెదవులు కదలడం నాకు కనపడింది. ఎదుట తన హక్కు ఊడబెరుకుతుంటే రారాజు శ్రుతి చూసుకుంటున్నాడు!

ఒక పెద్దాయన ఇదే వేషం వెయ్యగా చూశాను. వయసు మీదపడి గొంతు సగం పోయింది, పద్యాలు చాలా తగ్గించుకున్నారు. కృష్ణుడు "ఎప్పుడు" అనగానే ఆయన కృష్ణుడి వైపు చూడలేదు. మెల్లగా అర్జునుడి వైపు చూశారు, కాళ్ల దగ్గరనుంచి తలదాకా. వీడెప్పుడొచ్చాడు అన్నట్టు. కర్ణుడి పేరు రాగానే కుర్చీ చేతి మీద వేళ్లు బిగుసుకున్నాయి, మొహం మీద నవ్వు మాత్రం చెదరలేదు. పద్యం అయ్యేలోపు మోసం జరిగిందని ఆయనకి అర్థమైంది, అర్థమైనట్టు పైకి తేలకూడదన్న పట్టుదల కూడా మాకు అర్థమైంది. కృష్ణుడి రాగం అలాగే ఉంది, పొడుగ్గా. అయినా విసుగు పుట్టలేదు. రాగం సాగినంతసేపూ అవతలిమనిషిలో ఏదో జరుగుతూనే ఉంది. తర్వాత గ్రీన్‌రూములో మేకప్ తుడుచుకుంటూ ఆయన ఒక మాట అన్నారు: "వాడు పాడుతున్నంతసేపూ పని నాదే బాబూ. వాడిది అయిపోయిన పని, రాత్రంతా ప్రాక్టీసు చేసుకునే వచ్చాడు."

ఇది మాటల్లో చెప్పదగ్గ నటన కాదని, అనుభవమని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఎక్కడ తల తిప్పాలో, ఏ పేరుకి చెయ్యి బిగించాలో ఆయనకి పద్యం నేర్పింది. పద్యాన్ని అర్థంతో వింటే ఎవరికైనా నేర్పుతుంది. కృష్ణుడి వేషానికి పేరుపడ్డ పీసపాటి నరసింహమూర్తిని ఇవాళ్టికీ పద్యనాటక ప్రియులు తలుచుకునేది కూడా రాగాన్ని అదుపులో పెట్టి మాటని ఎదుటివాడికి చేరవేసినందుకే.

ముందే వచ్చిన కన్నీళ్లు

సహజ నటనలోనూ ఇదే జబ్బు ఉంది, బయటికి కనపడదంతే. మా కుర్రాడి నాటికే ఒకటి చెబుతాను. తల్లి పోయిందని స్నేహితుడొచ్చి చెప్పే ఘట్టం. కుర్రాడు గ్లిజరిన్ లేకుండా ఏడ్చాడు, నిజం కన్నీళ్లు. కానీ స్నేహితుడు "అమ్మ ఇక..." అనేసరికే అవి వచ్చేశాయి. వాక్యం ఇంకా పూర్తికాలేదు. కొడుక్కి ఇంకా తెలియదు, నటుడికి ముందే తెలుసు. ఆ అరక్షణంలో నాకు కొడుకు మాయమై, బాగా ఏడవగల నటుడు మిగిలాడు. అది ఓవర్ యాక్షన్ అని ఎవరూ అనరు. గొంతు పెంచలేదు, చేతులు ఊపలేదు.

నటుడు నిజంగా అనుభవించాలా వద్దా అన్న తగవు పాతది. కన్నీళ్లని భరతుడు ఎనిమిది సాత్త్విక భావాల్లో ఒకటిగా చెప్పి, అవి మనసు నిలిపితేనే వస్తాయన్నాడు. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సులో దిదెరో అనే రచయిత దీనికి అడ్డం తిరిగి, గొప్ప నటుడు లోపల చల్లగా ఉంటాడని వాదించాడు. ఈ ఇద్దరిలో ఎవరిది ఒప్పో నాకు అంత పట్టింపు లేదు. కన్నీరు లోపల్నుంచి వచ్చినా, సాధనతో తెచ్చుకున్నా, అది ఎదుటివాడి మాట విన్నాక రావాలి.

స్థానం వారి గురించి ఒక చిక్కు

సహజత్వమే కొలబద్ద అయితే స్త్రీ పాత్రలకి పేరుపడ్డ స్థానం నరసింహారావు అన్న పేరే మన చరిత్రలో ఉండకూడదు. మగవాడు సత్యభామ వేషం వేస్తే అందులో సహజం ఎంత? అయినా "మీరజాలగలడా" అని ఆయన పాడుతుంటే ఆడవాళ్లు కూడా ఆయన నడక చూసి నేర్చుకునేవారని పెద్దలు చెప్పుకునేవారు. ఆయనకి సమకాలికుడైన చైనా నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ కూడా స్త్రీ పాత్రలకే ప్రసిద్ధి. 1935లో మాస్కోలో ఆయన నటన చూసి జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ కదిలిపోయాడు. మెయ్ వేషం లేకుండా, మామూలు గదిలో, ఒంటి మీద కోటుతోనే స్త్రీ పాత్రని అభినయించి చూపించాడట. నటుడు నటుడిగా కనపడుతూనే పాత్ర కూడా కనపడటం బ్రెహ్ట్‌కి కావలసిన నాటకానికి దారి చూపింది.

చిక్కు ఎక్కడంటే, ఈ వాదనని పట్టుకుని "చూశావా, ఆడవాళ్లు లేకపోయినా నాటకం బ్రహ్మాండంగా నడిచింది" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. శైలి గొప్పదనం ఒక మనిషిని వేదిక ఎక్కనివ్వకపోవడానికి సాకు కాకూడదు. స్త్రీ పాత్రలు స్త్రీలే వెయ్యాలని రాఘవ పట్టుబట్టాడు. అందులో నేను నూటికి నూరుపాళ్లూ ఆయన పక్షమే. స్థానం వారి కళని నెత్తిన పెట్టుకుంటూనే ఆ తలుపు తెరుచుకున్నందుకు సంతోషిస్తాను. ఈ రెండూ నాలో పూర్తిగా కలిసిపోయాయని చెప్పలేను.

మైకు, వన్స్‌మోర్, కాంట్రాక్టు

వన్స్‌మోర్ మీద నాకు అందరికున్నంత కోపం లేదు. కృష్ణుడు పద్యం ఆపి దణ్ణం పెట్టి మళ్లీ పాడితే కథ చెడుతుందంటారు. కథ తెలియనివాడు అక్కడ ఎవడూ లేడు. వచ్చింది కథ కోసం కాదు కదా. రెండోసారి పాడేటప్పుడైనా ఎదుటివాడి వైపు తిరిగి పాడితే నాకు ఏ అభ్యంతరమూ లేదు.

మైకు మాత్రం చాలా నష్టం చేసింది. వేదిక ముందు స్టాండు పెట్టగానే ఇద్దరు నటులూ దాని దగ్గర చేరారు. చూపులు స్టాండు మీద, మొహాలు మనవైపు. పక్కవాణ్ణి చూడాలంటే మెడ తిప్పాలి, తిప్పితే మాట పోతుంది. నాటికలవాళ్లు పైనుంచి వేలాడే మైకులు పెట్టించుకుని కొంత బయటపడ్డారు. ఇప్పుడు కాలరు మైకులొచ్చాక పద్యనాటకానికి కూడా ఆ సాకు చెల్లదు. అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది. మైకు లేని చోట కూడా ఉన్నట్టే నిలబడతారు.

అన్నిటికన్నా పెద్ద కారణం డబ్బు. కాంట్రాక్టు నాటకంలో కృష్ణుడొక ఊరినుంచి, అర్జునుడొక ఊరినుంచి, హార్మోనిస్టు మరో ఊరినుంచి వస్తారు. ఒక్క రాత్రిలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు మారిపోతారు. ఎవరి పోర్షను వాళ్లకి కంఠతా వచ్చు. కలుసుకునేది గ్రీన్‌రూములో, రంగు పూసుకుంటూ. రిహార్సలన్న మాటే లేదు. ఇలాంటప్పుడు వినమని నటుణ్ణి తిట్టడం అన్యాయమేమో అనిపిస్తుంది. కానీ ఆ పెద్దాయన కూడా ఈ పద్ధతిలోనే బతికారు. ఎదుటివాడు ఈ రాత్రి ఏం చేస్తాడో తెలియదు కాబట్టే తను చెవులు రిక్కించి ఉండేవాణ్ణని ఆయనే అన్నారు. రిహార్సల్ లేకపోవడం కొందర్ని మొద్దుబారుస్తుంది, కొందర్ని పదును పెడుతుంది. అలా పదునెక్కేవాళ్లు పుట్టుకతో వచ్చినవాళ్లు. మిగతావాళ్లని అలా తయారుచెయ్యాలంటే కలిసి కూర్చోవాలి.

అందుకే పద్యనాటకాన్ని బతికించాలని సెట్టింగులకీ లైట్లకీ చందాలు పోగుచేసేవాళ్లని నేను అడిగేది ఒకటే. అందులో కొంత తీసి నటులకి ఒక రోజు ముందే పారితోషికం ఇచ్చి రప్పించండి. ఆ రోజు హార్మోనియం తియ్యొద్దు. పడక సీను పద్యాల్ని రాగం లేకుండా, మాటల్లా, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ చెప్పించండి. "కర్ణుడును" అన్నప్పుడు దుర్యోధనుడికి ఏమనిపించిందో అడగండి. రాగం మర్నాడు ఎలాగూ వస్తుంది, అది వాళ్ల గొంతులోనే ఉంది.